చిటికెనవేలు

ఇల్లన్నాక వస్తువులు పగులుతూనే ఉంటాయి. మా ఇంట్లో గాజుగ్లాసులు ఏడాదికి అరడజనైనా పోతాయి. ఎవరి చేతిలో పగిలినా "పోనిద్దూ, దిష్టి పోయింది" అనుకుని చీపురు తెచ్చుకోవడం మాకు అలవాటు. కొన్న వస్తువుతో ఆ సౌకర్యం ఉంది. మళ్ళీ కొనుక్కోవచ్చు, లేదా అది లేకుండానే గడిపెయ్యవచ్చు. స్నేహితురాలు తన చేత్తో చేసి ఇచ్చిన వస్తువు మన చేతిలో విరిగితే ఏం చెయ్యాలన్నది మాత్రం నాకు అరవై ఏడేళ్ళు వచ్చాక, 2025 సంక్రాంతికి తెలిసివచ్చింది. తెలిసివచ్చిందంటే సక్రమంగా చేశాననుకునేరు. చెయ్యవలసిన పని ఒక్కటి తప్ప తక్కినవన్నీ చేశాను.

ఆవిడా నేనూ గుడివాడలో ఒక వీధి పిల్లలం. ఒక బడి, ఒక అరుగు, ఒక జామచెట్టు. పెళ్ళిళ్ళయి చెరో దిక్కుకూ పోయి, చివరికి ఇద్దరం బెజవాడలోనే తేలాం. మా ఇల్లు సత్యనారాయణపురంలో, వాళ్ళది రెండు వీధుల అవతల. ఆవిడ హైస్కూల్లో డ్రాయింగు మాష్టరుగా పనిచేసింది. 2017లో రిటైరైంది. రిటైరైన ఆడది కాశీకి వెళ్తుంది, లేకపోతే మనవల్ని పెంచుతుంది గదా! ఈవిడ అన్నం డబ్బా సంచిలో పెట్టుకుని కొండపల్లి బస్సెక్కింది. మా ఊరికి 20 కిలోమీటర్ల లోపే. అక్కడ బొమ్మలు చేసే ఒక కుటుంబం వాళ్ళింటి వసారాలో కూర్చుని, ఆ ఇంటి ముసలాయన దగ్గర ఉలి పట్టడం నేర్చుకుంది.

కొండపల్లి బొమ్మంటే ఒకే కర్రముక్కలోంచి చెక్కి తీస్తారని ఆ రోజుదాకా నా నమ్మకం. కాదుట. తెల్లపొణికి అని అక్కడి కొండల్లో పెరిగే చెట్టు ఉంది. దాని కర్ర చేతికి బెండులాగా తేలిగ్గా ఉంటుంది, ఉలికి సుఖంగా లొంగుతుంది. ముందు దాన్ని సన్నసెగ మీద కాచి లోపలి చెమ్మంతా పోగొట్టాలి. తరువాత మొండెం వేరుగా, చేతులు వేరుగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపుపొట్టు కలిపి చేసిన మక్కుతో అతకాలి. ఆ మక్కుతోనే ముక్కూ మూతీ, చీర కుచ్చెళ్ళూ దిద్దుకోవచ్చు. అది ఆరాక నునుపు చేసి, తెల్లటి సుద్ద పూత వేసి, ఆ పైన రంగులు. ఇదంతా ఆవిడ మా వంటింట్లో పీటమీద కూర్చుని చెబుతూంటే నేను చిక్కుడుకాయలు ఒలుస్తూ వినేదాన్ని. మొదట్లో ఆవిడ చేసిన అంబారీ ఏనుగు అచ్చం మా గేదెలాగా ఉండేది. ఆ మాట పైకే అన్నాను. రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు తనే వచ్చి, "గేదె పాలిస్తోందా?" అనడిగింది.

2019లో ఒక పొట్లం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. విప్పి చూద్దును గదా, జానెడెత్తు బొమ్మ. తిరగలి ముందు కూర్చున్న ఆడమనిషి. కుడికాలు చాపుకుని, ఎడమకాలు ముడుచుకుని, కుడిచేత్తో పిడి పట్టుకుని, ఎడమచేత్తో గుప్పెడు కందులు రాతి నోట్లో పోస్తోంది. వంకాయరంగు చీర. కొప్పు కాస్త పక్కకి జారింది.

మా అమ్మ!

మా అమ్మ పోయి అప్పటికే ముప్ఫై ఏళ్ళు దాటింది. ఆవిడవి మా ఇంట్లో ఉన్నవి రెండే ఫోటోలు. రెండింటిలోనూ స్టూడియో కుర్చీ పక్కన కొయ్యలాగా నిలబడి ఉంటుంది. తిరగలి ముందు కూర్చున్న అమ్మను ఏ ఫోటోగ్రాఫరు తీశాడు కనక? బొమ్మను అటూ ఇటూ తిప్పి చూస్తూంటే, "ఎడంచెయ్యి చూశావుటే?" అంది స్నేహితురాలు. చూశాను. గుప్పెట బిగించి ఉంది, చిటికెనవేలొక్కటీ బయటికి నిక్కి ఉంది. మా అమ్మకు ఆ వేలు ముడుచుకునేది కాదు. చిన్నప్పుడెప్పుడో తలుపుసందున పడి నలిగిందట. అన్నం కలిపినా, జడ వేసినా, మొట్టికాయ వేసినా ఆ వేలు విడిగా నిలబడే ఉండేది. ఆ సంగతి నేను మరిచిపోయాను. కన్నకూతుర్ని, మరిచిపోయాను! పక్కింటి నుంచి వచ్చి మా అరుగుమీద కూర్చుని కందులు ఏరిపెట్టిన పిల్ల జ్ఞాపకం పెట్టుకుంది.

ఆనాటినుంచి మా బొమ్మల కొలువులో పై మెట్టుమీద దేవుళ్ళ పక్కన ఆ బొమ్మే. సంక్రాంతికి కొలువు పెట్టడం మా అత్తగారి నాటినుంచి వస్తున్నదే. కింది మెట్టు దగ్గర ఇసకపోసి, ఆవాలు మొలిపించి, అద్దం ముక్కతో చెరువు చేసి ఊరు కట్టే పని మాత్రం స్నేహితురాలిది. భోగినాడు పొద్దున్నే కొంగు బిగించుకుని వచ్చేది.

2023 శ్రావణంలో వాళ్ళాయన పోయాడు. అక్కడినుంచి ఆవిడ ఉలి ముట్టుకోలేదు. బొటనవేలి కీలు నొప్పి అని చెప్పేది. మరుసటి సంక్రాంతికి వాళ్ళకు ఏటిసూతకం. అప్పుడు నేను వాళ్ళింటికి వెళ్ళి ఒక మాట చెప్పివచ్చాను. "వచ్చే ఏడు మా కొలువు పేరంటానికి మొదటి బొట్టు నీకే పెట్టి పిలుస్తాను. ఎవరేమంటారో నేను చూసుకుంటాను" అని. ఈ రోజుల్లో కూడానా అని మీరనవచ్చు. ఉందండీ. పైకి ఎవరూ ఏమీ అనరు. తాంబూలం పళ్ళెం ఆవిడ దగ్గరకు వచ్చేసరికి ఎవరో మంచినీళ్ళు కావాలంటారు, పళ్ళెం పక్కకి తిరుగుతుంది. అలాంటివి రెండు మూడు చోట్ల చూసే ఆ మాట చెప్పాను. ఆవిడ నవ్వి, "చూద్దాంలేవే" అంది.

ఇక 2025 సంక్రాంతి. భోగికి ముందురోజు ఆదివారం. అటకమీంచి ట్రంకుపెట్టె దింపించాను. ఏటా నేలమీద చాప పరుచుకుని, ఒక్కొక్క బొమ్మే ఒళ్ళో పెట్టుకుని విప్పేదాన్ని. ఆ రోజు పొయ్యిమీద అరిసెల పాకం ఉంది. నిలబడే, ఒక చెవి పాకం వైపు పెట్టి, గబగబా గుడ్డలు లాగేస్తున్నాను. పాత నూలుచీర ముక్కలవి, చివర దారాలు వేలాడుతూ ఉంటాయి. ఒక దారం దేనికో తట్టుకుంది. నేను లాగాను. చిటుక్కుమంది.

అంత చిన్న చప్పుడు! అప్పడం విరిగినా అంతకంటే గట్టిగా వినపడుతుంది. ఎడమచెయ్యి భుజం దగ్గర అతుకూడి గుడ్డలోనే ఉండిపోయింది. ఆ దారం తట్టుకున్నది చిటికెనవేలికి. అది బియ్యపుగింజంత ముక్క, విరిగి ఎక్కడికి ఎగిరిందో తెలియలేదు. మంచం కిందా బీరువా కిందా టార్చిలైటు వేసి వెతికాను. అరిసెల పాకం ముదిరి రాయి అయిందని వేరే చెప్పనక్కర్లేదు.

మావారు పేపరు దించకుండానే విషయం కనుక్కుని, "దానికంత బెంగెందుకు? కొండపల్లి ఎంత దూరం? కావలిస్తే ఇలాంటివి నాలుగు తెచ్చుకుందాం" అన్నారు. పాపం, ఓదార్పుకే అన్నారు. నాకు మాత్రం ఆయన పేపరు లాగి పొయ్యిలో పెట్టాలనిపించింది.

అప్పుడే రెండు వీధులు దాటి వెళ్ళి ఆవిడతో చెప్పివస్తే పావుగంట పని. ఎందుకు వెళ్ళలేదూ అంటే, భయం. ఆవిడ కోప్పడుతుందని కాదు. నలభై ఏళ్ళు పిల్లల బొమ్మలు దిద్దిన మనిషి గదా, వస్తువు వైపు ఒక చూపు చూస్తుంది, ఏమీ అనదు. ఆ చూపుకు భయం. పైగా ఆవిడ ఇంక చెయ్యనంటున్న బొమ్మ ఇది. మొగుడు పోయిన దుఃఖంలో ఉన్న మనిషికి ఇది కూడా ఎందుకూ అని నాకు నేనే ఒక దయగల కారణం కూడా కల్పించుకున్నాను. ఇలాంటి దయగల కారణాలు నాకు ఎప్పుడూ కొరత ఉండవు.

మనవరాలి స్కూలుసంచీలో తెల్లజిగురు సీసా ఉంది. చెయ్యి అతికించాను. కాస్త పడితే చాలదేమోనని బాగా పోశాను. అది అతుకులోంచి పొంగి చీరమీదికి కారింది. తుడవబోతే వంకాయరంగు గుడ్డకు వచ్చింది. చెయ్యి ఆరేసరికి రవ్వంత పైకి లేచి, మా అమ్మ తిరగలిని చెంపదెబ్బ కొట్టబోతున్నట్టుగా తయారైంది. చిటికెనవేలు లేనే లేదు.

ఆ సాయంత్రం ఫోను చేసి, "ఈ ఏడు కొలువు పెట్టటంలేదే. మోకాళ్ళు బొత్తిగా సహకరించటంలేదు" అన్నాను.

ఆవిడ ఒక క్షణం మాట్లాడలేదు. "పోనీ నేనొచ్చి పెట్టనా?" అంది.

"వద్దులేవే, ఎందుకు శ్రమ?"

"అలాగే. ఆరోగ్యం చూసుకో" అంది.

నిజంగానే పెట్టకుండా ఊరుకున్నా కొంత బాగుండేది. హైదరాబాదు నుంచి వచ్చిన మనవరాలు ఏడేళ్ళది, కొలువు లేదంటే పండగే లేదని పేచీ పెట్టింది. మూడు మెట్లు కట్టాం. తిరగలి బొమ్మను మాత్రం ట్రంకులోనే ఉంచాను. కట్టాక ఇరుగుపొరుగులను పిలవకపోతే ఎలా? కుంకుమభరిణె పట్టుకుని వీధి వీధంతా బొట్లు పెట్టి వచ్చాను. రెండు వీధుల అవతలికి మాత్రం వెళ్ళలేదు. సంక్రాంతి సాయంత్రం పాతికమంది వచ్చారు. సాతాళించిన సెనగలు చాలక మళ్ళీ పొయ్యిమీద మూకుడు పెట్టాను. అంత సందట్లోనూ వీధితలుపు చప్పుడైతే చాలు, గుండె దడదడలాడేది. కిందిమెట్టు దగ్గర ఊరు కూడా ఏమంత బాగా కుదరలేదు. చెరువులోకి ఆవాలమొక్కలు పడిపోయాయి.

ఆ శనివారం రైతుబజారులో ఆవిడే ఎదురైంది.

"కొలువు చాలా బాగా పెట్టావుటగా. మా కింది వాటా ఆవిడ చెప్పింది" అంది.

నాకు నోట మాట రాలేదు. మనవరాలు, పేచీ అంటూ ఏదో గొణిగాను.

"పోనీలేవే. నీకూ నలుగురితో పని ఉంటుంది. నేనేమీ అనుకోను. అప్పుడే అనుకున్నాను, అలాంటి మాటలు చెప్పినంత తేలిక కాదని" అంది. అని నా సంచిలోంచి జారిపోతున్న కొత్తిమీర కట్ట సర్ది వెళ్ళిపోయింది.

ఏమి మాటలు చెప్పాను, ఏది తేలిక కాదు? ఆలోచించుకుంటూ నడుస్తున్నాను. టమాటాల బండి దగ్గరకు వచ్చాక తట్టింది. కాళ్ళు చల్లబడ్డాయి. విరిగిన బొమ్మ సంగతి ఆవిడకేం తెలుసు? ఆవిడకు తెలిసింది ఒక్కటే. మొదటి బొట్టు నీకే అన్న మనిషి, కొలువు లేదని అబద్ధమాడి, వీధంతా పిలుచుకుని, మొగుడు పోయినదాన్ని ఒక్కదాన్నే వదిలేసింది. నేను నా తప్పు దాచుకుంటున్నాననుకున్నాను. ఆ వారం రోజులూ ఆవిడ తనను గురించి ఏమనుకుంటూ పడుకుందో, నాకు ఊహలోనైనా తోచలేదు. టమాటాలతను "ఎన్ని కిలోలమ్మా?" అని రెండుసార్లు అడిగాడట.

ఇంటికి వచ్చి సంచీ గుమ్మంలో పడేసి, బొమ్మను తువ్వాల్లో చుట్టుకుని వెళ్ళాను. తలుపు తీసింది. ఏమీ చెప్పకుండా మూట బల్లమీద పెట్టాను.

విప్పి చూసింది. చాలాసేపు చూసింది.

"ఎప్పుడు?"

"భోగి ముందురోజు."

"ఇందుకా నన్ను పిలవలేదు?"

"ఇందుకే."

"ఇంకేమీ లేదూ?"

"మా అమ్మ తోడు, ఇంకేమీ లేదు."

ఆవిడ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. వాళ్ళాయన పోయిన రోజున కూడా ఆవిడ అంత గట్టిగా ఏడవగా నేను చూడలేదు. నేను పక్కన కూర్చున్నాను. చెయ్యి పట్టుకుందామంటే, పట్టుకోనిస్తుందో లేదోనని తోచింది. పట్టుకోలేదు.

కాసేపటికి మొహం తుడుచుకుని బొమ్మను మళ్ళీ చేతిలోకి తీసుకుని, ఒక్కసారి మండిపడింది. "ఈ జిగురెవరు పొయ్యమన్నారే నిన్ను? విరిగింది విరిగినట్టు తెస్తే పది నిమిషాల పని. దీనిమీద సుద్ద పడుతుందా, రంగు పడుతుందా? గేదె అన్నావు, ఊరుకున్నాను. మీ అమ్మ చేత తిరగలిని కొట్టిస్తావా?" ఆ తిట్లు వింటూంటే నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

తరువాత తనలో తాను అనుకుంటున్నట్టు, "ఈ చెయ్యి అతుకు నాకు అప్పుడే అనుమానం. నీ పుట్టినరోజు దగ్గరకొచ్చిందని కర్ర పూర్తిగా కాగకుండానే చెక్కాను. లోపల చెమ్మ ఉండిపోయి ఉంటుంది" అంది. అది నిజమో, నన్ను తేలికపరచడానికి అన్నదో ఇప్పటికీ తెలియదు. అడిగితే చెప్పదు.

మర్నాటినుంచి నాకు పనులు పడ్డాయి. చింతపండు పిసికినప్పుడు వచ్చే గింజలు మా ఇంట్లో వామనగుంటలకని డబ్బాలో దాస్తాం. వాటిని వేయించి, పొట్టు వలిచి, నానేసి, మెత్తగా రుబ్బి, ఉడికించి జిగురు చెయ్యమంది. వేయించిన చింతగింజ పొట్టు వలిచి చూడండి, గోళ్ళలో ప్రాణం ఉండదు. మొదటిసారి రుబ్బింది పలుకుగా ఉందని తిప్పిపంపింది. తడిగుడ్డ కొనతో అతుకు ఒక్కటే నానబెట్టి, నా తెల్లజిగురు గోకి తీయడానికి ఆవిడకు రెండు పూటలు పట్టింది. తడి గుడ్డ బొమ్మమీద ఇంకెక్కడా తగలనివ్వలేదు. బొమ్మలను తడిగుడ్డతో తుడిచే వాళ్ళుంటే ఈ పేజీ చదివాకైనా మానెయ్యండి. మెత్తటి పొడి కుంచె చాలును. దాచేటప్పుడు దారాలు వేలాడే గుడ్డలు వద్దు. మెత్తని కాగితం చుట్టి, పెట్టెలో గుప్పెడు ఎండిన వేపాకు వెయ్యమని నాకు ఆజ్ఞ అయింది.

చెయ్యి అతికింది. వేలి దగ్గరే చిక్కు వచ్చింది. పొణికి చెక్క పేడు తీసి బియ్యపుగింజంత వేలు చెక్కాలి. ఏడాదిన్నర తరువాత ఉలి పట్టింది. బొటనవేలు నిజంగానే నొప్పి పెడుతోంది, చూస్తూనే ఉన్నాను. రెండు వేళ్ళు విరిగిపోయాయి. మూడోది కుదిరింది. కుదిరాక, "మీ అమ్మకు ఇది కాస్త వెనక్కి వంగి ఉండేదా, తిన్నగా ఉండేదా?" అనడిగింది. ఇద్దరం కళ్ళు మూసుకుని ఆలోచించాం. "వెనక్కే. మొట్టికాయ పడ్డప్పుడు ముందు తగిలేది ఆ వేలే" అన్నాను. ఆవిడ తల తడుముకుంది. మా అమ్మ మొట్టికాయలు ఆవిడా తిన్నది లెండి.

వంకాయరంగు మాత్రం కలవలేదు. కారిన జిగురు తీసిన చోట కొత్త రంగు కొట్టొచ్చినట్టు కనపడుతుంది. పాతదాంతో కలిసేటట్టు కాస్త నలుపు వెయ్యరాదా అన్నాను. "వెయ్యను. ఉండనీ. నువ్వు చేసింది నీకు కనపడుతూ ఉండాలి" అంది. నవ్వుతూనే అంది గాని, పూర్తిగా నవ్వు కాదు.

పని పూర్తయ్యాక బొమ్మను కాగితంలో చుట్టింది. తీసుకుందామని చెయ్యి చాపాను. ఇవ్వలేదు. తన బీరువా తీసి, పై అరలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుంది.

"అదేమిటే, నాది గదా?"

"నీదే. సంక్రాంతికి నేనే తీసుకొచ్చి మెట్టుమీద పెడతాను. బొట్టు పెట్టడానికి మాత్రం నువ్వే రావాలి, ఫోను చెయ్యకు" అంది.